ముక్కూ మొగం తెలియనివారికి మూలుగ దానం

తెలుగువారికి మూలుగ కొత్త మాట కాదు. మాంసాహారం వండుకొనే ఇళ్ళలో మూలుగ ఎముక కోసం పిల్లలు పోటీపడడం చాలామంది ఎరిగినదే. సంస్కృతంలో దీని పేరు మజ్జ. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతువుల వరుసలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి అయిన తరువాత ఆరవది మజ్జ. ఆ వరుసలో రక్తం ముందు, మజ్జ చాలా వెనుక. ఆధునిక వైద్యశాస్త్రం ఈ వరుసను తలకిందులు చేసింది. రక్తం పుట్టేది మజ్జలోనే అని 1868లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ నగరంలో పనిచేసిన ఎర్న్‌స్ట్ నాయ్‌మన్ వెల్లడించాడు.

ఆ మజ్జలో పుట్టే మూలకణాలను, తాను ఎన్నడూ చూడని, పేరైనా తెలియని రోగికి ఇవ్వడం నేడు అమెరికాలో స్థిరపడిన వైద్యప్రక్రియ. ప్రపంచమంతటా దాతలుగా పేర్లు నమోదు చేసుకొన్నవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. అయినా రక్తదానం గురించి తెలిసినంతగా మూలకణ దానం గురించి మన కుటుంబాలకు తెలియదు. తెలియనిచోట భయం చేరుతుంది. ఆ భయం వలన నష్టపోయేది ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఎదురుచూస్తున్న రోగి.

రక్తపు కర్మాగారం

రక్తంలోని ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. రక్తఫలకికలు పది రోజులకు మించి బ్రతకవు. కొన్ని రకాల తెల్లకణాల జీవితం కొద్ది గంటలే. కనుక శరీరం నిరంతరం కొత్త కణాలను తయారుచేసుకొంటూ ఉండాలి. ఆరోగ్యవంతుని మజ్జ రోజుకు ఇంచుమించు 20,000 కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుందని అంచనా. ఈ ఉత్పత్తికంతటికీ మూలం మజ్జలో తక్కువ సంఖ్యలో ఉండే మూలకణాలు. ఇవి విభజన చెందినప్పుడు కొన్ని రక్తకణాలుగా మారుతాయి, కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి. విత్తనపు గింజలను పక్కన పెట్టి తక్కిన ధాన్యాన్ని వాడుకొనే రైతు పద్ధతి వంటిదే ఇది.

లుకీమియా, లింఫోమా వంటి రక్తసంబంధమైన కాన్సర్లలోను, మజ్జ ఎండిపోయే ఎప్లాస్టిక్ ఎనీమియాలోను, థలసీమియా, సికిల్ సెల్ వంటి వంశానుగత వ్యాధులలోను ఈ కర్మాగారమే చెడిపోతుంది. అటువంటి కొందరు రోగులకు పాత మజ్జను తీవ్రమైన మందులతో, ఒక్కొక్కప్పుడు రేడియేషన్‌తో నిర్మూలించి, దాని స్థానంలో ఆరోగ్యవంతుని మూలకణాలను నాటడమే మార్గం. ఈ చికిత్సను 1957లో ప్రారంభించి, దశాబ్దాల పరిశ్రమతో నిలబెట్టినవాడు డాక్టర్ ఇ. డానల్ థామస్. ఆయనకు 1990లో నోబెల్ బహుమానం లభించింది.

తోబుట్టువుల నుంచి అపరిచితుల దాకా

రక్తదానానికి రక్తవర్గం సరిపోతే చాలు. మూలకణాలకు అది చాలదు. మన ఆరవ క్రోమోజోముపై ఎచ్.ఎల్.ఎ. అనే జన్యువుల సమూహం ఉన్నది. శరీరంలోని కణాలకు ఇవి గుర్తింపు ముద్రలు వేస్తాయి. "వీడు మనవాడు, వీడు పరాయివాడు" అని రోగనిరోధక కణాలు నిర్ణయించుకొనేది ఆ ముద్రలను బట్టే. ఈ ముద్రలలో మొదటిదాన్ని 1958లో గుర్తించిన ఫ్రెంచి వైద్యుడు జాన్ దోసేకు 1980లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. దాత ముద్రలకూ రోగి ముద్రలకూ పొంతన కుదరకపోతే, నాటిన కణాలను రోగి శరీరం తిరస్కరించవచ్చు. లేదా దాత కణాలే రోగి చర్మం, కాలేయం, ప్రేగులపై దాడి చేయవచ్చు.

ఈ జన్యువులు తండ్రి నుంచి ఒక వరుస, తల్లి నుంచి ఒక వరుసగా సంక్రమిస్తాయి. అందువలన తోబుట్టువులిద్దరికి పూర్తిగా పొంతన కుదిరే అవకాశం నాలుగింట ఒకటి. రోగికి అయిదుగురు తోబుట్టువులుంటే వారిలో ఒకరైనా సరిపోయే అవకాశం నూటికి 76. ఒక్కరే ఉంటే నూటికి 25. ఒకరిద్దరు పిల్లలతో సరిపెట్టుకొంటున్న నేటి కుటుంబాలకు ఈ లెక్క అనుకూలమైనది కాదు. మొత్తం మీద నూటికి 70 మంది రోగులకు కుటుంబంలో సంపూర్ణమైన పొంతన గల దాత దొరకడు.

అపరిచితుల వైపు చూడవలసి వచ్చింది ఇందువలననే. 1979లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్‌సన్ కేంద్రంలో లారా గ్రేవ్స్ అనే పదేళ్ళ బాలికకు లుకీమియా నిమిత్తం, ఏ బంధుత్వమూ లేని దాత మజ్జను ఎక్కించారు. ఆ దాత అదే కేంద్రంలోని ప్రయోగశాల ఉద్యోగి. పరాయి మజ్జ ఆ బాలిక శరీరంలో నిలదొక్కుకొన్నది. కాని తరువాత వ్యాధి తిరగబెట్టి ఆమె మరణించింది. ఆ తల్లిదండ్రులు అంతటితో ఆగలేదు. వారు, వారివంటి మరికొన్ని కుటుంబాలు, కొందరు వైద్యులు చేసిన కృషి ఫలితంగా 1986లో అమెరికా నౌకాదళం నిధులతో మిన్నెసోటా రాష్ట్రంలో జాతీయ మజ్జదాతల పట్టిక ఏర్పడింది. నేడు ఎన్.ఎం.డి.పి. అని పిలువబడుతున్న సంస్థ ఇదే. కొంతకాలం దీనికి బి ద మ్యాచ్ అన్న పేరు వాడుకలో ఉండేది. 1987 డిసెంబరులో ఈ పట్టిక ద్వారా మొదటి మార్పిడి జరిగింది. అప్పటి నుంచి లక్షకు పైగా మార్పిడులకు ఈ సంస్థ తోడ్పడింది.

మనవారికి మనవారే

ఎచ్.ఎల్.ఎ. జన్యువులకు వేల రూపాలున్నాయి. ఆ రూపాల కలయికలు వంశపరంపరగా, ప్రాంతీయంగా ప్రోది అవుతాయి. తరతరాలుగా ఒకే ప్రాంతంలో, ఒకే సమాజంలో వివాహాలు చేసుకొన్నవారిలో కొన్ని కలయికలు తరచుగా కనబడతాయి, బయటివారిలో అవి అరుదు. అందుచేత తెలుగు తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు సరిపడే అపరిచితుడు నార్వే సంతతివాడై ఉండే అవకాశం కన్న తెలుగు సంతతివాడో, ఇరుగుపొరుగు రాష్ట్రాలవాడో అయివుండే అవకాశం ఎక్కువ. తల్లి ఒక జాతి, తండ్రి మరొక జాతి అయిన పిల్లలకు దాత దొరకడం మరింత కష్టం.

ఎన్.ఎం.డి.పి. ప్రకటించిన లెక్కల ప్రకారం పట్టికలో సంపూర్ణమైన పొంతన గల దాత దొరికే అవకాశం శ్వేతజాతీయులకు నూటికి 79, ఆసియా, పసిఫిక్ ద్వీప సంతతివారికి 47, నల్లజాతివారికి 29. తేడాకు రెండు కారణాలున్నాయి. మొదటిది జన్యు వైవిధ్యం. రెండవది పట్టికలో మనవారి పేర్లు తక్కువగా ఉండడం. మొదటిదాన్ని మార్చలేము. రెండవది మన చేతిలో పని.

ఈ లోటును దక్షిణాసియా సమాజం తీవ్రంగా అనుభవించిన సంవత్సరం 2007. కాలిఫోర్నియాలోని యువ వ్యాపారవేత్త సమీర్ భాటియా, యువ వైద్యుడు వినయ్ చక్రవర్తి ఇద్దరూ లుకీమియా బారిన పడ్డారు. పట్టికలో వారికి సరిపడే దాతలు లేరు. మిత్రులు, బంధువులు ఊరూరా శిబిరాలు పెట్టి పదకొండు వారాలలో 24,000 మందికి పైగా దక్షిణాసియా సంతతివారిని దాతలుగా చేర్పించారు. గుళ్ళు, మసీదులు, గురుద్వారాలు, కార్యాలయాలు, కళాశాలలు అన్నీ శిబిరాలైనాయి. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడులు జరిగాయి. అయితే వ్యాధి తిరగబెట్టి 2008లో ఇద్దరూ మరణించారు. వారి నిమిత్తం చేరిన పేర్లు మాత్రం ఇతర రోగుల కోసం పట్టికలో నిలిచాయి. భారతదేశంలో కూడ 2009లో చెన్నైలో దాత్రి అనే పట్టిక ఏర్పడింది. దేశదేశాల పట్టికలను కలిపి వెదికే ఏర్పాటు ఉన్నందువలన హైదరాబాదులోని దాత హ్యూస్టన్‌లోని రోగికి, డల్లాస్‌లోని దాత విజయవాడలోని రోగికి ఉపయోగపడవచ్చు.

దాత నడిచే దారి

పట్టికలో చేరడం సులభం. అమెరికాలో 18 నుంచి 40 ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులు చేరవచ్చు. బుగ్గ లోపలి భాగాన్ని దూదిపుల్లతో రాసి పంపితే చాలు, సూదితో పని లేదు. చేరినవారిలో అధికసంఖ్యాకులకు ఎన్నటికీ పిలుపు రాదు. కొన్ని వందలమందిలో ఒక్కరు మాత్రమే దాత అవుతారు.

పిలుపు వచ్చినప్పుడు మొదట రక్తం తీసి పొంతనను నిర్ధారిస్తారు. తరువాత సంపూర్ణ వైద్యపరీక్ష. దాతకు ముప్పు కలుగుతుందని తోస్తే అక్కడితో ఆపివేస్తారు. ఈ పరీక్షలు చేసే వైద్యుడు రోగి వైద్యుడు కాడు. దాత క్షేమమే ఆయన బాధ్యత. గర్భిణులను దానానికి పిలవరు. రోగి వయస్సు, స్త్రీయా పురుషుడా, వ్యాధి ఏమిటి అన్నవి మాత్రమే దాతకు చెబుతారు.

మూలకణాలను తీసే పద్ధతులు రెండు. ఏది కావాలో రోగి వైద్యుడు కోరుతాడు, దాత అంగీకరించాలి.

నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది రక్తం నుంచి తీసే పద్ధతి. సాధారణంగా రక్తంలో మూలకణాలు అతి స్వల్పం. వాటిని మజ్జలో కట్టి ఉంచేది సి.ఎక్స్.సి.ఎల్.-12 అనే ఒక చిన్న ప్రోటీన్. దాతకు వరుసగా అయిదు రోజులు ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజక్షన్లు ఇస్తారు. ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు తెల్లకణాల ఉత్పత్తిని పెంచడానికి మన శరీరం తయారుచేసుకొనే ప్రోటీన్‌కు ఇది ప్రతిరూపం. అమెరికా ప్రభుత్వం దీనిని మందుగా 1991లో అనుమతించింది. దీని ప్రభావంతో మజ్జలో పెరిగిన తెల్లకణాలు విడుదలచేసే ఎంజైములు ఆ ప్రోటీన్‌ను ముక్కలు చేస్తాయి. గుంజల నుంచి పలుపులు విప్పిన దూడలవలె మూలకణాలు రక్తంలోకి వస్తాయి. ఈ రోజులలో నడుము, తుంటి, కాళ్ళ ఎముకలలో నొప్పి, తలనొప్పి, అలసట కలగడం సామాన్యం. జ్వరం వచ్చినప్పటి ఒళ్ళునొప్పులతో దీనిని పోల్చవచ్చు. ఇంజక్షన్లు ఆగిన ఒకటి రెండు రోజులలో ఇవి తగ్గిపోతాయి.

అయిదవ రోజున దాత కుర్చీలోనో మంచంమీదనో నాలుగు నుంచి ఎనిమిది గంటలు కదలకుండా ఉండాలి. ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళుతుంది. యంత్రం దానిని గిరగిర తిప్పి, బరువును బట్టి పొరలుగా విడదీసి, మూలకణాలున్న పొరను తీసుకొని తక్కినదంతా రెండవ చేతికి తిప్పి పంపుతుంది. మజ్జిగ చిలికి వెన్న తీయడం ఎరిగినవారికి ఈ సూత్రం కొత్తది కాదు. గొట్టాలలో రక్తం గడ్డకట్టకుండా సిట్రేటు కలుపుతారు. సిట్రేటు రక్తంలోని కాల్షియంను పట్టి ఉంచుతుంది గనుక దాతకు పెదవుల చుట్టూ, వేళ్ళ కొసలలో తిమ్మిరి కలుగుతుంది. కాల్షియం ఇస్తే అది సర్దుకొంటుంది. చేతుల రక్తనాళాలు మరీ సన్నగా ఉన్న కొద్దిమందికి మెడ వంటి చోట పెద్ద నాళంలో గొట్టం అమర్చవలసి రావచ్చు. చాలామంది ఆ సాయంకాలమే ఇంటికి వెళ్ళిపోతారు.

రెండవ పద్ధతిలో దాతకు పూర్తిగా మత్తు ఇచ్చి, కటి ఎముక వెనుక భాగం నుంచి సూదులతో ద్రవరూపంలో మజ్జను తీస్తారు. ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. చాలామంది మన పెద్దలు మజ్జ అనగానే వెన్నుపాము అనుకొని, పక్షవాతం వస్తుందని భయపడతారు. మజ్జకూ వెన్నుపాముకూ సంబంధం లేదు. సూది వెన్నుపాము దరిదాపులకు వెళ్ళదు. ఎముకను కోయడమూ, ముక్క తీయడమూ జరగదు. మేలుకొన్న తరువాత నడుము కింద, గట్టి దెబ్బ తగిలినట్లు, కొన్ని రోజుల నుంచి ఒకటి రెండు వారాల వరకు నొప్పి ఉంటుంది. తీసిన మజ్జ నాలుగు నుంచి ఆరు వారాలలో తిరిగి తయారవుతుంది. ఇంద్రునికి వజ్రాయుధం కోసం తన ఎముకలనిచ్చిన దధీచి దేహాన్నే విడువవలసి వచ్చింది. ఈనాటి దాత కొన్ని వారాలలో ఇచ్చినది తిరిగి పొందుతాడు.

అపాయం బొత్తిగా లేదని చెప్పడం సత్యం కాదు. అమెరికా దాతలపై జరిపి 2014లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో తీవ్రమైన ఇబ్బందులు మజ్జ ఇచ్చినవారిలో నూటికి 2.38 మందికి, రక్తం నుంచి మూలకణాలు ఇచ్చినవారిలో నూటికి 0.56 మందికి కలిగాయి. వీరిలో అత్యధికులు కోలుకొన్నారు. దానం వలన కాన్సర్ వచ్చే అవకాశం పెరిగిన దాఖలా ఆ అధ్యయనంలో కనబడలేదు. ఈ అంకెలు తెలుసుకొని ఒప్పుకొన్నప్పుడే ఒప్పుకోలుకు విలువ.

వెనుదిరగరాని ఘడియ

దాత ఏ దశలోనైనా వద్దనవచ్చు. ఎవరూ బలవంతపెట్టరు, చట్టం కూడ బలవంతపెట్టదు. కాని ఒక విషయం ప్రతి దాతా గ్రహించాలి. దానానికి సుమారు వారం పది రోజుల ముందు, దాత ఇంకా తన ఉద్యోగం తాను చేసుకొంటున్న వేళ, ఎక్కడో ఒక ఆసుపత్రిలో రోగి మజ్జను నిర్మూలించే మందులు ఆరంభమవుతాయి. ఆ తరువాత రోగి శరీరం తనంత తాను రక్తాన్ని తయారుచేసుకోలేదు. అప్పుడు దాత వెనుకాడితే రోగి ప్రాణానికే ముప్పు. వద్దనే హక్కు ఆనాడూ దాతకు ఉంటుంది. కాని ఆ మాట ముందుగా చెబితే వేరొక దాతను వెదకవచ్చు, ఆలస్యంగా చెబితే వెదికే వ్యవధి ఉండదు.

మన సమాజం ఆలోచించవలసిన సంగతి ఇదే. శిబిరాలలో పేర్లు ఇవ్వడానికి మనవారు వెనుదీయరు. అసలు పరీక్ష పిలుపు వచ్చిన రోజున మొదలవుతుంది. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం, పిలుపు వచ్చినప్పుడు తప్పుకొనే ధోరణి శ్వేతజాతీయులలో కన్న ఇతర వర్గాలవారిలో ఎక్కువ. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఎరిగిన బిడ్డ ఫోటో చూసి పేరు ఇచ్చినవారికి, ఎరుగని మనిషి కోసం పిలుపు వస్తే అదే ఉత్సాహం ఉండకపోవచ్చు. యువకుడు సరే అన్నా, ఇండియాలో ఉన్న తల్లి ఫోనులో కన్నీరు పెట్టవచ్చు. పెళ్ళి కావలసిన అమ్మాయి విషయంలో సంతానానికి ఇబ్బంది అవుతుందేమోనన్న సందేహం రావచ్చు. మూలకణ దానం వలన సంతానశక్తికి హాని కలుగుతుందన్న దానికి ఆధారం లేదు. కాని ఆ మాట పెద్దలకు ముందుగా చెప్పేవారు ఉండాలి.

దానం తరువాత

తీసిన మూలకణాలను సాధారణంగా ఒక శిక్షణ పొందిన వ్యక్తి చల్లని పెట్టెలో తనతోనే విమానంలో తీసుకొనిపోతాడు. ఆ పెట్టెకు విమానాశ్రయంలో ఎక్స్‌రే తనిఖీ ఉండదు, ఎవరి చేతికీ ఇవ్వడమూ ఉండదు. రెండు మూడు రోజులలోగా అవి రోగికి చేరాలి. రక్తం ఎక్కించినట్లే నరం ద్వారా ఎక్కిస్తారు. మజ్జకు దారి ఆ కణాలకు ఎవరూ చూపనక్కరలేదు. దాత శరీరంలో వాటిని కట్టి ఉంచిన ప్రోటీనే రోగి మజ్జలోకి వాటిని పిలుచుకొంటుంది. రెండు నుంచి నాలుగు వారాలలో కొత్త రక్తకణాలు కనబడడం మొదలవుతుంది.

అప్పటి నుంచి రోగి రక్తకణాలలో ఉండేవి దాత జన్యువులు. రక్తవర్గం వేరైతే, క్రమంగా అది కూడ దాత రక్తవర్గంగా మారిపోతుంది. మన భాషలో రక్తసంబంధం అన్న మాటకు ఇంతకన్న అక్షరార్థం మరొకటి ఉండదు. అయినా ఈ కొత్త రక్తబంధువులు ఒకరినొకరు వెంటనే కలుసుకోలేరు. అమెరికాలో మొదటి సంవత్సరం పేర్లు వెల్లడించరు. ఊరు, పేరు లేని ఉత్తరాలు మాత్రం సంస్థ ద్వారా పంపుకోవచ్చు. ఏడాది తరువాత ఇద్దరూ అంగీకరిస్తేనే పరిచయం. కొన్ని దేశాలలో ఆ వీలు కూడ లేదు.

అందరు రోగులూ బ్రతకరు. కొందరికి వ్యాధి తిరగబెడుతుంది, కొందరు ఇన్‌ఫెక్షన్లకు లొంగిపోతారు. ఆ వార్త విన్నప్పుడు, ముఖమైనా చూడని మనిషి కోసం దాతకు దుఃఖం కలుగుతుంది. తన కణాలలోనే లోపమేమోనన్న అనుమానం కూడ వేధిస్తుంది. దాత తప్పు అందులో ఏమీ లేదు. ఆ రోగికి ఉన్న ఒక్క అవకాశాన్ని దాత అందించాడు. ఒక్కొక్కప్పుడు అదే రోగికి మరికొన్ని కణాలు కావాలని రెండవసారి పిలుపు రావడం కూడ కలదు.

ఖర్చుల గురించి దాత చింతించనక్కరలేదు. వైద్యానికి, ప్రయాణానికి, బసకు అయ్యే ఖర్చు దాతపై పడదు. దానికి బదులుగా డబ్బు మాత్రం ఇవ్వరు. 1984 నాటి అమెరికా చట్టం మజ్జను అమ్మడాన్ని నిషేధించింది. రక్తం నుంచి తీసిన మూలకణాలకు ఆ నిషేధం వర్తించదని 2011లో ఒక న్యాయస్థానం తీర్పు చెప్పినా, పట్టికలు నడిచేది ఉచిత దానం మీదనే.

ఇంట్లో ముందుగా మాట్లాడుకోవలసినది

ఇటీవల వైద్యంలో ఒక మార్పు వచ్చింది. సైక్లోఫాస్ఫమైడ్ అనే పాత మందును మార్పిడి జరిగిన తరువాత మూడు నాలుగు రోజులకు ఇచ్చి, దాడి చేసే కణాలను అణచివేస్తున్నారు. ఇందువలన సగం పొంతన గల తల్లి, తండ్రి, బిడ్డ కూడ దాతలు కాగలుగుతున్నారు. పూర్తిగా సరిపోని అపరిచితుల కణాలు కూడ పనికివస్తున్నాయి. ఇది మనవంటి వర్గాలకు శుభవార్త. కాని తల్లిదండ్రులకు వయస్సు మీరవచ్చు, వారికీ జబ్బులుండవచ్చు, కుటుంబంలో ఎవరూ పనికిరాకపోవచ్చు. వయస్సులో ఉన్న, ఆరోగ్యవంతుడైన అపరిచితుని అవసరం తీరిపోలేదు.

పేరు ఇవ్వదలచుకొన్న యువతీయువకులు శిబిరానికి వెళ్ళడానికి ముందే తమ ఇంట్లో మాట్లాడడం మంచిది. వెన్నుపాము కాదని, అంగవైకల్యం రాదని, కొద్ది రోజుల నొప్పి మాత్రం తప్పదని పెద్దలకు చెప్పాలి. ఎవరికోసం పిలుపు వచ్చినా సరే అనగలమా అని తమను తాము ప్రశ్నించుకోవాలి. అనలేమని తోస్తే పేరు ఇవ్వకపోవడమే రోగికి మేలు. ఇచ్చినవారు ఇల్లు, ఉద్యోగం, ఫోను నంబరు మారినప్పుడల్లా పట్టికకు తెలియజేయాలి. చదువు పూర్తి కాగానే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి, ఒక ఉద్యోగం నుంచి మరొక ఉద్యోగానికి తరలిపోయే మనవారి విషయంలో ఇది మరీ ముఖ్యం. తిరిగి భారతదేశం వెళ్ళిపోయేవారు ఆ సంగతి కూడ చెప్పాలి. వారి పేరు అరవయ్యవ ఏడు నిండేవరకు పట్టికలో ఉంటుంది. పదేళ్ళ కిందటి ఫోను నంబరుకు ఆసుపత్రి తరఫున ఎవరో పిలుస్తూ ఉంటే, ఎత్తేవారు లేక ఆ పిలుపు ఆగిపోకూడదు.